ఆ ఫోన్‌లో ఇంకో మాట చెప్పి ఉంటే...

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. కోనసీమలో మందుల షాపు నడుపుకునేవాణ్ని. ఇరవై ఏళ్లలో లివర్ టానిక్ సీసాలు ఎన్ని అమ్మానో లెక్క లేదు. మా అన్నయ్య చేత కూడా తాగించాను.

2012లో ఎవరికో ఆపరేషన్ అంటే అన్నయ్య రక్తం ఇచ్చాడు. వారం తిరక్కుండా ఫోన్ వచ్చింది. "మీకు హెపటైటిస్ బి పాజిటివ్, ఇక రక్తం ఇవ్వకండి." అంతే, పెట్టేశారు. ఏ డాక్టర్ని కలవాలో, ఇంట్లోవాళ్లకి పరీక్ష చేయించాలో వద్దో చెప్పలేదు. ఒంట్లో ఏ బాధా లేదు కనక అన్నయ్యా మర్చిపోయాడు. తెలిసినవాణ్ని, నేనూ ఊరుకున్నాను.

హెపటైటిస్ బి అంటే కాలేయంలో చేరే వైరస్. కాలేయంతో వచ్చిన చిక్కే అది. కుడివైపు పక్కటెముకల చాటున కిలోన్నర బరువుతో కూర్చుని, పేగుల నుంచి వచ్చే నెత్తురంతా వడగట్టి గుండెకు పంపుతుంది. చక్కెర దాస్తుంది, పైత్యరసం చేస్తుంది, దెబ్బ తగిలితే నెత్తురు గడ్డకట్టే సరుకు తయారుచేస్తుంది, ఒంట్లో పుట్టే అమ్మోనియా అనే విషాన్ని యూరియాగా మార్చి బయటికి తోలుతుంది. సగం పాడైనా ఈ పనులేవీ ఆపదు. బి వైరస్ కూడా నేరుగా కాలేయాన్ని తినేయదు. వైరస్‌ను చంపబోయి మన రక్షణ కణాలే అది దాగిన కాలేయ కణాలను చంపుతుంటాయి. చచ్చినచోట మచ్చ కడుతుంది. ఏళ్ల తరబడి మచ్చ మీద మచ్చ పడి మెత్తటి అవయవం గడ్డలు గడ్డలుగా బిగుసుకుపోవడమే సిరోసిస్. అప్పుడిక పేగుల నెత్తురుకి దారి ఉండదు. లాకులు మూసేస్తే ఎగువ కాలువ పొంగి బలహీనంగా ఉన్న గట్టుకు గండి పడుతుంది చూడండి, అలాగే అన్నవాహికలో సిరలు ఉబ్బి పగులుతాయి, పొట్టలోకి నీరు ఊరుతుంది.

2021లో అన్నయ్య పొట్ట ఉబ్బింది. ఆసుపత్రిలో అడిగిన మొదటి ప్రశ్న "రోజుకెంత తాగుతాడు?" కల్లు కూడా ముట్టని మనిషి. వదిన తల దించుకుంది, తప్పు ఆవిడదైనట్టు.

రైస్ మిల్లులో పాతికేళ్లు పద్దులు రాసిన చెయ్యి అది. చేతులు ముందుకు చాపమంటే అరచేతులు పిట్ట రెక్కల్లా కొట్టుకున్నాయి. సంతకం పెట్టమంటే పెన్ను పట్టుకుని నా వంక చూశాడు. పగలంతా నిద్ర, రాత్రంతా మెలకువ. అమ్మోనియా మెదడుకెక్కిందన్నారు. లాక్టులోజ్ సిరప్ పట్టిస్తే, మూడు నాలుగు సార్లు విరేచనమయ్యాక నన్ను పేరు పెట్టి పిలిచేవాడు. నేను రోజూ అమ్మే మలబద్ధకం మందే! రెండోసారి నెత్తురు కక్కుకున్నప్పుడు మాకు దక్కలేదు.

తర్వాత ఇంటిల్లిపాదీ పరీక్ష చేయించుకున్నాం. వదినకీ పిల్లలకీ నెగటివ్, టీకాలు వేయించాం. నాకు పాజిటివ్. మా అన్నదమ్ములిద్దరికీ పుట్టినప్పుడే అమ్మ నుంచి వచ్చి ఉండవచ్చన్నారు డాక్టరు గారు. పురిట్లో సోకితే నూటికి తొంభై మందిలో ఉండిపోతుందట. పెద్దయ్యాక సోకితే నూటికి అయిదుగురిలో కూడా ఉండదు. పుట్టిన 24 గంటల్లోపు టీకా అనేది అందుకే. ఇంట్లో కాన్పయితేనో, సెలవురోజు పుడితేనో ఆ గంటలు దాటిపోకుండా చూడండి.

మాది కామెర్లకు ఆకు పసరు వేయించుకునే ఊరు. నీళ్ల వల్ల వచ్చే హెపటైటిస్ ఎ చాలామందికి దానంతటదే తగ్గుతుంది, పేరేమో పసరుకి. బి ఉన్నవాళ్లు కూడా కళ్లు తెల్లబడగానే గండం గడిచిందనుకుంటారు. తిట్టి లాభం లేదు, రెండ్రోజుల్లో రక్తపరీక్ష మన పీహెచ్‌సీలోనే అయితే జనం అక్కడికే వస్తారు.

2018 జూలై 28న మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద పరీక్షలూ మందులూ ఉచితం. హెపటైటిస్‌లో సి రకమైతే సాధారణంగా పన్నెండు వారాల మాత్రలతో పూర్తిగా నయమవుతుంది. బి పూర్తిగా పోకపోయినా అదుపులో ఉంటుంది. లేనిదల్లా పాజిటివ్ వచ్చిన మనిషిని ఆ మందు దాకా నడిపించే ఏర్పాటు. రక్తదానంలో, గర్భిణుల పరీక్షల్లో, ఆపరేషన్ ముందు బయటపడిన ప్రతి పేరూ గోప్యంగా జిల్లా చికిత్స కేంద్రానికి చేరాలి. అక్కడి నుంచి తేదీ, డాక్టరు పేరుతో కబురు రావాలి. రాకపోతే ఆశా కార్యకర్త మళ్లీ వెళ్లాలి.

నేను బి వైరస్‌ను అదుపులో ఉంచే టెనోఫోవిర్ మాత్ర రోజుకొకటి వేసుకుంటున్నాను, ఆరు నెలలకోసారి స్కాన్. మొన్న డాక్టరు గారు నా కాలేయం ఇంకా మెత్తగానే ఉందన్నారు. ఆ మాట వదినకి ఇంకా చెప్పలేదు.

ఇట్లు,
కోనసీమ నుంచి ఒక మందుల షాపు యజమాని