మన కాలనీ పుస్తక సంఘం వార్షిక నివేదిక: పిల్లల కళ్ళతో యుద్ధం కథలు చదివిన ఏడాది

సభ్యులందరికీ నమస్కారం. ఈసారి నివేదిక కొంచెం పొడుగొచ్చింది, ముందే చెప్తున్నా. లెక్కలు ట్రెజరర్ గారు విడిగా చదువుతారు కాబట్టి నేను వాటి జోలికి పోను. కమ్యూనిటీ హాల్ పైన గదికి ఫ్యాన్ వచ్చింది, రెండు ర్యాక్‌లు చేయించినం, అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద ఏరుకొచ్చిన పాత పుస్తకాలూ, డిసెంబర్ బుక్ ఫెయిర్‌లో కొన్న కొత్తవీ కలిపి అల్మారా నిండింది. పెద్దల తెలుగు నవలల బీరువా తాళంచెవి మాత్రం ఇంకా దొరకలేదు.

ఇక అసలు సంగతి. పోయిన జనరల్ బాడీలో ఈ ఏడాది అంతా ఒకే అంశం మీద చదువుదాం అనుకున్నాం కదా, యుద్ధకాలంలో ఒక జాతినో మతాన్నో వేటాడిన రోజుల గురించి పిల్లల వైపు నుంచి రాసిన కథలు. ఎందుకీ బరువు సబ్జెక్ట్ అని కొందరు సణిగారు, క్విజ్ పెట్టొచ్చు కదా అన్నారు. కానీ కాలనీలో హైస్కూల్ పిల్లలు సగంమంది 'ద బాయ్ ఇన్ ద స్ట్రైప్డ్ పజామాస్' ఎలాగూ చదివేశారు, మిగతావాళ్ళు సినిమా చూశారు, అందుకని దాంతోనే మొదలుపెట్టాం. పిల్లలూ పెద్దలూ ఒకే గదిలో కూర్చుని మాట్లాడాలని రూల్ పెట్టడం కమిటీ చేసిన మంచి పని, ఎందుకంటే పెద్దవాళ్ళం కళ్ళు తుడుచుకుంటుంటే పిల్లలు లొల్లి మొదలుపెట్టారు.

కథ తెలియనివాళ్ళకి రెండు ముక్కల్లో. 2006లో వచ్చిన నవల, జాన్ బోయిన్ రాశారు. హిట్లర్ కాలంలో యూదుల్ని బంధించి చంపిన నాజీ క్యాంప్ ఒకటి, దాని కమాండెంట్ అంటే పెద్ద అధికారి కొడుకు, తొమ్మిదేళ్ళోడు, కంచె అవతల ఉన్న యూదు పిల్లాడితో దోస్తీ చేస్తాడు, చివరికి వాడితో కలిసి లోపలికి పోయి అక్కడే చనిపోతాడు. ఆ కంచె ఏంటో, లోపల ఏం జరుగుతోందో వాడికి ఏమీ తెలియదు. మన తొమ్మిదో క్లాస్ అమ్మాయి లేచి, "తొమ్మిదేళ్ళోడికి తెల్వదా అంకుల్? మా తమ్ముడికి ఏడేళ్ళే, మా బిల్డింగ్‌లో ఎవరికి ఎవరితో మాటల్లేవో అన్నీ చెప్తడు" అంది. నవ్వారు అందరూ, కానీ ఆ మాటతోనే ఏడాదంతా నడిచింది మన చర్చ.

ఎందుకంటే ఆ పిల్ల అడిగిందానికి చరిత్ర జవాబు చెప్తుంది. అప్పటి జర్మనీలో పిల్లలకి ద్వేషం ఇంట్లో గాలివాటంగా అంటుకున్నది కాదు, సిలబస్ పెట్టి నేర్పారు. పదేళ్ళు నిండితే హిట్లర్ యువజన దళం తాలూకు పిల్లల విభాగంలో చేరాలి, 1939 నుంచి అది కంపల్సరీ. 1938 నవంబర్‌లో యూదు పిల్లల్ని సర్కారు బళ్ళలోంచి తీసేశారు, అంటే పక్క బెంచీలో ఖాళీ జర్మన్ పిల్లలకి కనబడకుండా ఎలా పోతుంది? 1941 సెప్టెంబర్ నుంచి ఆరేళ్ళు దాటిన ప్రతి యూదు పిల్లా బట్టల మీద పసుపు నక్షత్రం కుట్టుకుని తిరగాలి. యూదుల్ని విషపు పుట్టగొడుగులతో పోల్చి రంగుల బొమ్మలతో పిల్లల పుస్తకం కూడా 1938లో వేశారు, దాన్ని అచ్చేసిన జూలియస్ స్ట్రైఖర్‌ని 1946లో న్యూరెంబర్గ్ విచారణ తర్వాత ఉరితీశారు.

అప్పటి జర్మనీ బళ్ళ లెక్కల పుస్తకంలోది ఒకటి మన పిల్లలకి చదివి వినిపించాం. పిచ్చాసుపత్రి కట్టడానికి 60 లక్షల మార్కులవుతుంది, ఒక్కో ఇల్లు 15,000 మార్కులైతే ఆ డబ్బుతో ఎన్ని ఇళ్ళు కట్టొచ్చు? ఏడో క్లాస్ పిల్లాడు వేళ్ళు కూడా మడవకుండా 400 అని అరిచాడు, కరెక్టే, వాడి ముఖం వెలిగిపోయింది కూడా. అదే కదా అందులో ఉన్న తెలివి. ఆసుపత్రిలో ఉన్నవాళ్ళు దండగ అని ఎక్కడా రాయలేదు, లెక్క మాత్రమే అడిగారు, జవాబు సరిగ్గా వచ్చినవాడికి శభాష్ కూడా దొరికుంటుంది. ఈ ఒక్క ఐటమ్ మీదే ఆ రోజు గంట పైన మాట్లాడుకున్నాం, సమోసాలు చల్లారిపోయాయి.

తర్వాత ఆనీ ఫ్రాంక్ డైరీ పెట్టుకున్నాం. ఇది కథ కాదు, నాజీలకి భయపడి దాక్కున్న యూదు పిల్ల నిజంగా రాసుకున్నది, కాబట్టి పక్కన పెట్టి చూస్తే తేడా తెలుస్తుందని. 1942 జూలైలో ఆమ్‌స్టర్‌డామ్‌లో దాక్కునేటప్పటికి ఆ పిల్లకి 13 ఏళ్ళు. అదే ఏడాది అక్టోబర్ 9న రాసింది, ఇంగ్లిష్ రేడియోలో గ్యాస్ పెట్టి చంపుతున్నారని చెప్తున్నారని. తలుపులు వేసుకుని దాక్కున్న పిల్లకి తెలిసింది, క్యాంప్ పక్కనే బంగళాలో ఉండే కమాండెంట్ కొడుక్కి తెలియదంటే, అది వయసు తేడా ఒక్కటే కాదు, రచయిత వాడి కళ్ళకి కట్టిన గంతలు. పైగా ఆనీ అమాయకురాలేం కాదు, అమ్మ మీద విసుగు, కలిసి దాక్కున్న పెద్దాళ్ళ మీద వెటకారం, అబ్బాయి మీద ఇష్టం అన్నీ రాసుకుంది. బాధితులు మంచి పిల్లలైతేనే జాలిపడతాం అనే రూల్ ఆ డైరీలో నడవదు. 1944 ఆగస్టు 4న పట్టుకున్నారు, 1945 మొదట్లో బెర్గెన్-బెల్జెన్ అనే నాజీ క్యాంప్‌లో పోయింది.

రిటైర్డ్ టీచరమ్మ ఒకరు గట్టిగా అడ్డుపడ్డారు, అది కూడా రికార్డులో ఉండాలి. నవల పాఠ్యపుస్తకం కాదు, ఏడిపించి లోపలికి లాగే పని చేస్తుంది, నా స్టూడెంట్స్ ఈ కథ చదివాకే డైరీ అడిగారు అన్నారావిడ. సగం ఒప్పుకుంటా. కానీ 2020 జనవరిలో, పోలండ్‌లో ఆష్విట్జ్ అనే నాజీ క్యాంప్ ఉన్నచోట నడుస్తున్న మ్యూజియం వాళ్ళే, ఈ చరిత్ర చదివేవాళ్ళూ చెప్పేవాళ్ళూ ఈ నవలకి దూరంగా ఉండాలని బహిరంగంగా అన్నారు. ఆష్విట్జ్‌కి దాదాపు 2,32,000 మంది పిల్లల్నీ టీనేజర్లనీ తెచ్చారు, అందులో 2,16,000 మంది యూదులు. చిన్నపిల్లల్ని ఎక్కువమందిని దిగిన రోజే చంపేశారు, కంచె పక్కన కూర్చుని ముచ్చట్లు చెప్పే వీలు ఎక్కడిది?

నాకైతే తప్పుడు వివరాల కంటే ఇంకోటి గుచ్చుకుంది. చివర్లో మనం ఎవరి కోసం ఏడుస్తున్నాం? పొరపాటున లోపలికి పోయిన పిల్లాడి కోసం. అంటే మిగతావాళ్ళంతా సరిగ్గానే పోయారనా? ఆ యూదు పిల్లాడికి కథలో అలగడం లేదు, అబద్ధమాడటం దాదాపు లేదు, మెతగ్గా మంచిగా ఉండటమే వాడి డ్యూటీ. ఏమీ తెలియని పిల్లాడు పెద్దవాళ్ళకి భలే అక్కరకొస్తాడు, వాడి పక్కన నిలబడితే మనకీ ఏమీ తెలియనట్టే ఉంటుంది.

సెప్టెంబర్‌లో మన ఊరి సంగతి పెట్టాం, దీనికి కమిటీలో రెండు ఓట్లు వ్యతిరేకం. 1948లో ఎనిమిదేళ్ళున్న ఒక పెద్దాయన, రజాకార్ల భయంతో రాత్రిళ్ళు ఊరు వదిలి చేలల్లో పడుకోవడం చెప్పారు. పోలీస్ యాక్షన్ అయ్యాక అదే ఊళ్ళో తనతో గోలీలాడిన సాయిబుల పిల్లాడి ఇల్లు ఖాళీ అవ్వడమూ చెప్పారు. ఎందుకు పోయారని అప్పుడు అడగలేదా తాతా అంటే, "అడగలే బిడ్డా, ఎరికే ఉండె" అన్నారు. పోలీస్ యాక్షన్ అప్పుడూ ఆ తర్వాతా జరిగిన హింస మీద భారత ప్రభుత్వం పంపిన పండిట్ సుందర్‌లాల్ కమిటీ ఇచ్చిన అంచనా 27,000 నుంచి 40,000 మంది చనిపోయారని. రెండు భయాలూ ఒకే నోటితో చెప్పినందుకు ఆయనకి సంఘం తరఫున ధన్యవాదాలు, అయితే ఒకవైపే చెప్పుండాల్సిందని రెండు వైపుల నుంచీ ఫోన్లొచ్చాయి నాకు.

ఆ తర్వాతి మీటింగ్‌లోనే ఐదో క్లాస్ పాప అడిగిన ప్రశ్న కూడా రాస్తున్నా. సి బ్లాక్‌లో కిరాయికి ఇల్లు చూడ్డానికొచ్చిన వాళ్ళకి పేరు అడిగాక ఖాళీ లేదన్నారు కదా, మరి టులెట్ బోర్డ్ ఎందుకు తీయలేదు అని. పెద్దవాళ్ళెవరూ జవాబు చెప్పలేదు, ఒకాయన అది వెల్ఫేర్ కమిటీ విషయం, పుస్తకాల మీటింగ్‌లో వద్దన్నారు. మినిట్స్‌లోంచి తీసేయమని కూడా అడిగారు. తీయలేదు, సెక్రటరీగా ఆ బాధ్యత నాదే. వెల్ఫేర్ కమిటీకి లెటర్ ఇచ్చాం, జవాబు ఇంకా రాలేదు.

వచ్చే ఏడాది, 1942లో గుజరాత్‌లోని జామ్‌నగర్ దగ్గర బాలాచడిలో అక్కడి రాజు జామ్ సాహెబ్ పోలండ్ పిల్లలకి ఆశ్రయమిచ్చిన సంగతితో మొదలుపెడదామని ప్రపోజల్ ఉంది, దేశవిభజన కథలు ఆ తర్వాత. సభ్యత్వం 300 రూపాయలే, పెంచట్లేదు. డైరీ తెలుగు కాపీ ఎవరింట్లో ఉందో దయచేసి ఈ నెలాఖరులోపు ఇచ్చేయండి, వెయిటింగ్‌లో ఐదుగురు పిల్లలున్నారు.