కాలి నొప్పి దాచిపెట్టి ర్యాలీకి వెళ్లొద్దు

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ జిల్లా పేజీలో వేసిన ఫొటో చూశాను. ఇంకా తెల్లారకముందే సిమెంటు రోడ్డు మీద, నడుముకి తాడు కట్టుకుని లారీ టైర్లు లాక్కుంటూ పరిగెత్తుతున్న కుర్రాళ్లు. అగ్నివీర్ ర్యాలీకి తయారవుతున్నారని కింద రాశారు. సంతోషమే. అయితే ఆ వరసలో చివరి కుర్రాడి పిక్కకి క్రేప్ బ్యాండేజీ చుట్టి ఉంది. నా చూపు అక్కడే ఆగిపోయింది. నేను ఆర్మీ మెడికల్ కోర్‌లో నర్సింగ్ అసిస్టెంటుగా పనిచేసి హవల్దారుగా రిటైరయ్యాను. సర్వీసులో చాలా ఏళ్లు ఒక ట్రైనింగ్ సెంటర్ ఎంఐ రూములోనే, అంటే రిక్రూట్లని చూసే చిన్న వైద్యశాలలోనే, గడిచాయి. అలాంటి బ్యాండేజీలు ఎన్ని విప్పానో లెక్కలేదు. అందుకే ఈ ఉత్తరం.

సిపాయికి గాయమైందంటే జనానికి తూటాయే గుర్తొస్తుంది. పొద్దున్నే ఒంట్లో బాగాలేదని చెప్పుకోడానికి (సిక్ రిపోర్టుకి) మా దగ్గర లైను కట్టే రిక్రూట్లలో తూటా తగిలినవాడు ఎవడూ ఉండడు. మోకాలు, చీలమండ, నడుము, అన్నిటికంటే ఎక్కువగా మోకాలి కింద ముందువైపు ఎముక. ఇది మన సైన్యానికే వచ్చిన తిప్పలు కాదు. 1855లోనే పాత జర్మన్ రాజ్యమైన ప్రష్యా సైన్యంలో బ్రైట్‌హాప్ట్ అనే డాక్టరు, దూరాలు నడిచిన సిపాయిల పాదాలు వాచి నొప్పి పెడుతున్నాయని రాసిపెట్టాడు. ఎక్స్‌రే వచ్చాక గానీ ఆ పాదాల్లో ఎముక చీలుతోందని తేలలేదు. 1983లో ఇజ్రాయెల్ సైన్యంలో 295 మంది రిక్రూట్లని శిక్షణ పొడవునా గమనిస్తే, నూటికి 31 మందికి ఇలా ఎముక చీలింది. ఒక్కడి మీదా శత్రువు తుపాకీ పేలలేదు.

ఇది ఎలా దొరుకుతుందో చెబుతాను. కోచింగ్ ఇచ్చే మాస్టార్లకి పనికొస్తుంది. మా ఎంఐ రూముకి మెట్లుండేవి. ఎక్కేటప్పుడు అందరూ మామూలుగానే ఎక్కుతారు. దిగేటప్పుడు చూడాలి. ఒక కాలు కిందపెట్టి, రెండోది దాని పక్కకే తెచ్చి, పక్కనున్న రెయిలింగ్ పట్టుకుని దిగుతున్నాడంటే వెనక్కి పిలిచేవాళ్లం. బల్ల మీద కూర్చోబెట్టి, మోకాలి కింద నుంచి చీలమండ దాకా ఎముక లోపలి అంచు వెంబడి బొటనవేలితో నొక్కుకుంటూ వస్తాం. జానెడు మేర అంతటా సలుపుతోందంటే చాలావరకు ఎముకని అంటిపెట్టుకున్న కండ, పొర వాపు. కొన్నాళ్లు పరుగు తగ్గిస్తే సర్దుకుంటుంది. అలాకాక, వేలి కొన పట్టేంత ఒక్కచోట నొక్కగానే కుర్రాడు గాలి పీల్చి పళ్లు బిగపట్టాడా, అది స్ట్రెస్ ఫ్రాక్చర్, అంటే మళ్లీ మళ్లీ భారం పడి ఎముకలో వచ్చే చీలిక, అని అనుమానించాలి. మొదటి రెండు మూడు వారాలు ఎక్స్‌రేలో ఏమీ కనిపించకపోవచ్చు. ఎక్స్‌రే బాగుందని మర్నాడే పరుగుకి పంపితే, చీలిక కాస్తా పూర్తిగా విరగడానికి ఎంతో కాలం పట్టదు.

ఎముక ఎందుకిలా చీలుతుంది? మోత, పరుగు పెరిగినప్పుడు ఎముక తనని తాను గట్టిపరచుకోవాలని చూస్తుంది. అందుకు ముందు పాత భాగాన్ని కొంత తొలిచేసి, తర్వాత కొత్తది పోస్తుంది. పాత గోడ పడగొట్టాం, కొత్తది ఇంకా లేవలేదు, అలాంటి సమయం కొన్ని వారాలుంటుంది. సరిగ్గా ఆ వారాల్లోనే మనవాళ్లు జోరు పెంచుతారు. ఊపిరి, కండ తొందరగా అలవాటుపడతాయి కాబట్టి కుర్రాడికి హుషారుగానే ఉంటుంది. ఎముక వెనకబడిపోతుంది.

కాబట్టి గాయానికి అన్నిటికన్నా పెద్ద కారణం, ఏ అలవాటూ లేని ఒంటి మీద ఒక్కసారిగా భారం వేయడం. మన దగ్గర ఇది ఇంకా ఎక్కువైంది. 2023 నుంచి ముందు ఆన్‌లైన్ పరీక్ష, అందులో నెగ్గినవాళ్లకే ర్యాలీ. దాంతో పిల్లలు నెలల తరబడి కోచింగ్ సెంటరు బల్లల మీద కూర్చుని లెక్కలూ జీకేలూ బట్టీ పడుతున్నారు. రిజల్టు వచ్చాక అప్పుడు బూట్లు కొంటున్నారు. 1.6 కిలోమీటర్లు 5 నిమిషాల 30 సెకన్లలోపు వస్తే 60 మార్కులు, పది పులప్స్‌కి 40. ఆ 60 కోసం ఉన్న కొద్ది వారాల్లో పొద్దునా సాయంత్రం పరుగు, మధ్యలో టైర్లు, ఇసక బస్తాలు. పరీక్షకి చదివే రోజుల్లోనే రోజు విడిచి రోజు నెమ్మదిగా పరిగెత్తి, వారం వారం కొంచెం కొంచెంగా పెంచుకుంటూ వచ్చిన కుర్రాడు సైన్యం ట్రైనింగ్ సెంటర్లో కూడా నిలబడతాడు. రన్నింగ్ తక్కువగా ఉన్న రిక్రూటే ఎక్కువగా దెబ్బ తింటాడన్నది ఏ దేశపు సైన్యాన్ని చూసినా తేలిన సంగతే. ఇదివరకు ఒకసారి గాయమై సరిగ్గా మానకుండా వచ్చినవాడిదీ అదే దారి. సిగరెట్లు కాల్చేవాడూ వాళ్ల వెనకే వస్తాడు.

బూట్ల గురించి తల్లిదండ్రులకి ఒక మాట. అప్పు చేసి ఖరీదైన జత కొంటే కాలికి ఏమీ కాదనుకోకండి. పాదం ఆకారాన్ని బట్టి ఎవరికి తగ్గ బూట్లు వాళ్లకిచ్చి అమెరికా సైన్యం పరీక్షించింది. గాయాలేమీ తగ్గలేదు. అడుగు అరగనివి, కాలికి సరిపోయినవి అయితే చాలు. అలాగే పరుగుకి ముందు కాళ్లు సాగదీసే కసరత్తు చేయిస్తే అన్నీ కుదురుకుంటాయని కొందరు మాస్టార్ల నమ్మకం. ఆస్ట్రేలియా సైన్యంలో పదిహేను వందల మందికి పైగా రిక్రూట్లని రెండు జట్లు చేసి చూస్తే, సాగదీసినవాళ్లకీ మానేసినవాళ్లకీ గాయాల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. చేయొద్దని నేననను, దాన్నే నమ్ముకోవద్దు.

నిద్ర సంగతి ఎవరూ పట్టించుకోరు. రాత్రి పన్నెండు దాకా ఫోను, మూడున్నరకి గ్రౌండు. ఇజ్రాయెల్ వాళ్లు రిక్రూట్లకి కనీసం ఆరు గంటల నిద్ర ఖాయం చేసి, మార్చింగ్ దూరం తగ్గించాక, స్ట్రెస్ ఫ్రాక్చర్లు సగానికి పైగా తగ్గిపోయాయి. తిండి కూడా అంతే. ఖాళీ కడుపుతో పరిగెత్తి, తొమ్మిదింటికి రెండు ఇడ్లీలు తిని, సాయంత్రం దాకా గదిలో కూర్చునే పిల్లలకి ఎండెక్కడిది, విటమిన్ డి ఎక్కడిది? 2008లో అమెరికా నౌకాదళం అయిదు వేల మందికి పైగా ఆడ రిక్రూట్లని రెండు జట్లు చేసి, ఒక జట్టుకి కాల్షియం, విటమిన్ డి ఇచ్చింది. ఆ జట్టులో ఎముక చీలడం అయిదో వంతు తగ్గింది. మనకి రాగులున్నాయి, పాలున్నాయి, చిన్న చేపలున్నాయి. రోజూ కడుపునిండా తింటే చాలు.

ఆడపిల్లల విషయం వేరుగా చెప్పాలి. బెంగళూరులో మిలిటరీ పోలీసు మహిళల మొదటి బ్యాచ్ 2021లో పాసయింది. 2025 మేలో ఆఫీసర్లని తయారుచేసే ఎన్‌డీఏ (నేషనల్ డిఫెన్స్ అకాడమీ) నుంచి 17 మంది అమ్మాయిలు బయటికొచ్చారు. మా ఊరి నుంచి కూడా ఇద్దరు తయారవుతున్నారు. ఒకే శిక్షణలో మగపిల్లలకంటే ఆడపిల్లలకి ఎముక చీలే ముప్పు ఎక్కువ. వాళ్ల ఎముకలు సన్నం, చిన్నప్పటి నుంచీ మనం ఆటలకి పంపకపోవడం ఒకటి, బరువు తగ్గాలని తిండి మానేయడం ఇంకొకటి. నెలసరి ఆగిపోయిందంటే ఒళ్లు ఇక చాలని చెబుతున్నట్టే లెక్క. ఎముక బలం తగ్గుతోందని దాని అర్థం. ఆ మాట మగ మాస్టారుకి ఏ పిల్ల చెప్పగలదు? మా ఊరి పిల్ల ఒకతె మా ఆవిడతో చెప్పింది కాబట్టి నాకు తెలిసింది. అమ్మాయిల్ని చేర్చుకునే ప్రతి కోచింగులోనూ అడిగి తెలుసుకునే ఒక ఆడమనిషి ఉండి తీరాలి.

ఇక నొప్పి దాచడం. మొన్న చెరువుగట్టు మీద ఒకడు కుంటుతూ పోతుంటే పిలిచాను. "ఏటీ లేదు తాతా, కొంచెం గుంజుతోంది అంతే" అన్నాడు. జేబులో డైక్లోఫెనాక్ అనే నొప్పి మాత్రలు. పరుగుకి ముందు ఒకటి వేసుకోమని తోటివాళ్లు చెప్పారట. నొప్పి అనేది ఎముక పెట్టే కేక. దాని నోరు నొక్కేసి పరిగెత్తితే టైమింగ్ వస్తుంది, ర్యాలీ దాటేస్తాడు, ట్రైనింగ్ సెంటర్లో పిట్టూ (బరువు సంచి) వీపున వేసుకున్న కొద్ది వారాలకే పడిపోతాడు. అక్కడ ఆరు నుంచి ఎనిమిది వారాలు మంచం, సొంత బ్యాచ్ వెళ్లిపోవడం, కింది బ్యాచ్‌లోకి రెలిగేషన్. ఆ భయానికి అక్కడా దాస్తారు. కొందరు ఇంటికే వచ్చేస్తారు. నొప్పి అని చెప్పినవాణ్ని పిరికివాడన్న ఉస్తాదుల్నీ (శిక్షణ ఇచ్చేవాళ్లనీ) చూశాను, ముందే గుర్తుపట్టి పరుగు మాన్పించి ఈతకి పంపిన ఉస్తాదుల్నీ చూశాను. రెండో రకం వాళ్ల ప్లటూన్లలోనే ఎక్కువమంది శిక్షణ చివర ప్రమాణం చేసే కసమ్ పరేడ్ దాకా వచ్చేవారు.

శిక్షణలో దెబ్బతిని ఇంటికి పంపేసిన ఆఫీసర్ క్యాడెట్ల గోడుని 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు తనంతట తానే విచారణకు తీసుకుంది. మంచిదే. ఢిల్లీ దాకా పోకుండా మన జిల్లాలో చేయగలిగినవి కూడా ఉన్నాయి. మా మండలంలో హైస్కూలుకి చక్కటి మట్టి గ్రౌండుంది. స్కూలు వేళలు కాకపోతే గేటుకి తాళం. పిల్లలు చేసేది లేక సిమెంటు రోడ్ల మీదా, హైవే అంచునా లారీల హారన్ల మధ్య పరిగెత్తుతున్నారు. ఉదయం ఏడు దాకా ఆ తాళం తీయించమని కలెక్టరుగారికి అర్జీ పెట్టాను, జవాబు రాలేదు. ప్రైవేటు అకాడమీలు వేలల్లో ఫీజు తీసుకుంటున్నాయి. నెలకొకసారి ఎముకల డాక్టర్నో ఫిజియోథెరపిస్టునో పిలిపించి పిల్లల కాళ్లు చూపించాలని ఒక్క నిబంధన పెడితే వాళ్లకేం భారం కాదు.

మీ పత్రికకి కూడా ఒక విన్నపం. పరీక్ష నోటిఫికేషన్ వార్త వేసే రోజునే, దాని పక్కన, నెమ్మదిగా పరుగు మొదలుపెట్టడం ఎలాగో ఒక చిన్న పెట్టె కట్టి వేయండి. ర్యాలీ తేదీలు వచ్చాక వేస్తే ఆలస్యం. రాసిపెట్టమంటే నేను రాసిస్తాను, డబ్బులక్కర్లేదు. ఆ బ్యాండేజీ కుర్రాడు ఎవరో మీ ఫొటోగ్రాఫరుకి తెలిస్తే, ర్యాలీ సంగతి తర్వాత, ముందు ఎముకల డాక్టరు దగ్గరకి వెళ్లమని చెప్పించండి.

ఇట్లు,
ఒక మాజీ హవల్దార్ (నర్సింగ్ అసిస్టెంట్),
పలాస మండలం, శ్రీకాకుళం జిల్లా