ఈ వారం వినాల్సింది: జానీ గ్రీన్‌వుడ్

ఫ్రెండ్స్, ఈ వారం మన గిటారిస్ట్ ఇంగ్లిష్ రాక్ బ్యాండ్ రేడియోహెడ్‌లోని జానీ గ్రీన్‌వుడ్. 1971లో ఆక్స్‌ఫర్డ్‌లో పుట్టాడు. బ్యాండ్‌లో అందరికంటే చిన్నవాడు, బేస్ వాయించే కోలిన్ ఇతని అన్నే. 1991లో ఈఎంఐ అనే రికార్డు కంపెనీతో బ్యాండ్‌కి కాంట్రాక్ట్ రాగానే, చేరి కొద్ది వారాలే అయిన డిగ్రీ చదువు వదిలేశాడు.

ముందు రేడియోహెడ్ పాట 'క్రీప్' వినండి. నెమ్మదిగా సాగే పాట, కోరస్‌కి ముందు గిటార్ 'ఖర్ర్' మని విరుచుకుపడుతుంది. పాట మరీ మెత్తగా ఉందని చెడగొట్టబోయాడట, ఈ మాట సాటి గిటారిస్ట్ ఎడ్ ఓబ్రయన్ చెప్పిందే. ఇప్పుడు ఆ శబ్దం లేకుండా పాటను ఊహించలేం.

గట్టిగా వాయించి చేతికి నొప్పి తెచ్చుకుని, పట్టీ కట్టుకుని స్టేజీ ఎక్కేవాడు. నాకు మాత్రం అతను గిటార్ పక్కన పెట్టినప్పుడే ఎక్కువ నచ్చుతాడు. ఓండ్ మార్తెనో అనే పాతకాలపు ఫ్రెంచ్ ఎలక్ట్రానిక్ వాయిద్యాన్ని రాక్ పాటల్లో వాయించాడు. సినిమాలకు ఆర్కెస్ట్రా సంగీతం రాశాడు, 'ఫాంటమ్ థ్రెడ్'కి ఆస్కార్ నామినేషన్ కూడా వచ్చింది.

మనవాళ్లకు బాగా దగ్గరయ్యేది 'జునూన్' ఆల్బమ్. 2015లో జోధ్‌పూర్ మెహ్రాన్‌గఢ్ కోటలో ఇజ్రాయెల్ సంగీతకారుడు షై బెన్ త్సూర్‌తో, రాజస్థానీ కళాకారులతో కలిసి రికార్డ్ చేశారు. అందులో ఖవ్వాలీ ఉంది, బ్యాండ్‌మేళం బాకాలున్నాయి. గ్రీన్‌వుడ్ ఎక్కడా ముందుకు రాడు, వెనకే ఉండి వాయిస్తాడు.

హెడ్‌ఫోన్స్‌తో వినండి. ఆదివారం రాత్రి మాట్లాడుకుందాం. ఫార్వర్డ్‌లు మాత్రం వద్దు బాబూ!