శనివారం వాయిదాల గురించి ఒక విన్నపం

సంపాదకులకు నమస్కారం.

కోర్టులకు సెలవులు ఎక్కువ కాబట్టే కేసులు పేరుకుపోతున్నాయని, రెండో శనివారాల్లోనూ పని చేయించాలని చాలామంది అంటుంటారు. ఆ మాట వెనుక ఉన్న బాధ నాకు తెలుసు. తెనాలిలో సివిల్ కేసులు చూసే న్యాయవాదిని. తాత వేసిన భాగపంపకాల దావాలో మనవడు బోనెక్కడం చూసినదాన్ని. అయినా శనివారం గురించి మా వంటివారి మాట కూడా వినాలి.

మాది సెవెన్త్ డే అడ్వెంటిస్టు క్రైస్తవ కుటుంబం. శుక్రవారం పొద్దు గుంకింది మొదలు శనివారం పొద్దు గుంకేదాకా మాకు విశ్రాంతి దినం. ఆ వేళల్లో ఫైలు విప్పను, ఫీజు పుచ్చుకోను. డిసెంబరులో అయిదున్నర ప్రాంతంలోనే సూర్యుడు అస్తమిస్తాడు, కోర్టు లేచేది అయిదింటికి. ఆ కాస్త వ్యవధిలోనే సోమవారం కట్టలు గుమస్తాకు అప్పగించి, ఆఫీసు ఫోను ఆపి బీరువాలో పెట్టి, ఇల్లు చేరాలి. అప్పటికి వంట అయిపోయి ఉంటుంది. మావారు, అత్తగారు, పిల్లలు, నేను కలిసి కూర్చుని పాటలు పాడుకుంటాం. కోర్టు మూసినా ప్లీడరు ఇంటి ముందుగది ఖాళీగా ఉండదు. ఆదివారం తెల్లవారగానే దస్తావేజుల సంచులతో కక్షిదారులు దిగుతారు. ఈ ఒక్క రోజు లేకపోతే ఈ వృత్తిలో ఇన్నేళ్లు నిలబడగలిగేదాన్ని కాదు.

వకాలత్ మీద సంతకం తీసుకునేటప్పుడే కక్షిదారులకు ఈ సంగతి చెబుతాను. మా బార్ అసోసియేషన్‌లో ఒక ముస్లిం మిత్రుడున్నారు. ఆయన శుక్రవారం జుమా నమాజుకు వెళ్లినప్పుడు కేసు పిలిస్తే నేను లేచి సమయం అడుగుతాను, శనివారం నా కేసుల్లో ఆయన లేస్తారు. ఆదివారం రిమాండు వస్తే మిగతావారి బదులు మేజిస్ట్రేటు గారి ఇంటికి నేనే వెళ్తాను. అరెస్టయిన మనిషిని 24 గంటల్లో హాజరుపరచాలి కాబట్టి, వేరే దిక్కు లేని మనిషైతే శనివారమైనా ఫీజు లేకుండా కదులుతాను. గుంటలో పడిన గొర్రెను ఆ రోజున పైకి తీయవద్దని ప్రభువు చెప్పలేదు.

అన్ని చోట్లా ఈ సర్దుబాటు చెల్లదు. ఒక కోర్టులో మా సాక్షి విచారణ శనివారానికి వేశారు. వారం ముందే మెమో దాఖలు చేసి మరో తేదీ కోరాం. ఆ రోజు న్యాయవాది హాజరు కాలేదని రాసి మా సాక్ష్యం మూసేశారు. దాన్ని తిరిగి తెరిపించడానికి పిటిషను, దాని మీద ఖర్చులు, మరో నాలుగు వాయిదాలు! విశ్వాసం నాది, శిక్ష మాత్రం పొలంలో వాటా కోసం తిరుగుతున్న ఆ వితంతువుకు పడింది. అంత ముందుగా కారణం రాసిచ్చినప్పుడు సోమవారమో మంగళవారమో వేస్తే ఎవరికి నష్టం?

జాతీయ లోక్ అదాలత్‌ల (రాజీతో కేసులు ముగించే వేదికల) సంగతీ ఇంతే. 2025కి ఖరారు చేసిన తేదీలు మార్చి 8, మే 10, సెప్టెంబరు 13, డిసెంబరు 13. అన్నీ రెండో శనివారాలే. ఆ రోజు కోర్టుల రోజువారీ పని ఉండదు కాబట్టి బెంచీలకు వెసులుబాటు అని ఒప్పుకుంటాను. కానీ లోక్ అదాలత్ శనివారమే జరగాలని చట్టంలో లేదు. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టం 19వ సెక్షను ఎప్పుడు, ఎక్కడ నిర్వహించాలన్నది ఆ సంస్థలకే వదిలింది. అక్కడ రాజీ అయితే కోర్టు ఫీజు వెనక్కి వస్తుంది, అక్కడిచ్చే తీర్పు (అవార్డు) మీద అప్పీలు ఉండదు. ఇంత మేలు ఒక నమ్మకం వల్ల ఎవరికీ దూరం కాకూడదు. ఇది న్యాయవాదుల గొడవ మాత్రమే కాదు. మా జిల్లాలోనే చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో శనివారం పాటించే తెలుగు యూదు కుటుంబాలున్నాయి. వారికీ కోర్టు పనులు పడతాయి.

జాతీయ లోక్ అదాలత్‌కు ముందు వచ్చే గురువారం సాయంత్రం ప్రతి కోర్టు సముదాయంలోనూ ఒక బెంచీ కూర్చునేలా జిల్లా న్యాయసేవాధికార సంస్థలు చూడాలని కోరుతున్నాను. మా దగ్గర రాజీకి సిద్ధంగా ఉన్న మోటారు ప్రమాద కేసుల కక్షిదారులను నేనే దగ్గరుండి తీసుకొస్తాను.

– ఒక న్యాయవాది, తెనాలి