ముక్కు పెంచితే పోలిక రాదు

సంపాదకులకు,

క్యారికేచర్ (మనిషి పోలికని అతిగా చేసి గీసే సరదా బొమ్మ) అంటే ముక్కు, చెవులు పెద్దవి చేయడమేనని మన విజయనగరంలో బొమ్మలు నేర్చుకునే పిల్లలు చాలామంది అనుకుంటున్నారు. పోలిక తప్పేది అక్కడే. పోలిక ముక్కులో కాదు, కళ్లకీ ముక్కుకీ నోటికీ మధ్య ఉన్న దూరాల్లో ఉంటుంది.

మామూలు తలలో కళ్లు సగం ఎత్తులో ఉంటాయి. రెండు కళ్ల నడుమ ఇంచుమించు ఒక కన్ను వెడల్పు. ఎదుటి మనిషి ఈ కొలతకి ఎక్కడ తేడాగా ఉన్నాడో పట్టుకుని ఆ తేడానే పెంచాలి. కళ్లు దగ్గరగా ఉంటే ఇంకా దగ్గరికి జరపాలి. గడ్డం సాగదీస్తే నుదురు కుదించాలి. అన్నీ పెంచితే ఏదీ పెరిగినట్టు కనిపించదు.

ముందు అగ్గిపెట్టె సైజులో అయిదారు తల ఆకారాలు గీయండి, ఒక్కోటి నిమిషంలోపు. కళ్లు చికిలించి చూసినా మనిషి గుర్తుకు రావాలి. అంతవరకూ కనురెప్పల వెంట్రుకలు దిద్దడం దండగ. నెత్తి నుంచి గడ్డానికి ఒక గీత, కళ్ల మీదుగా ఒక అడ్డగీత, రెండూ తల గుండ్రదనంతో పాటు వంగాలి. తిన్నగా గీస్తే కళ్లు ముఖం మీద అతికించినట్టు తేలిపోతాయి.

సెల్ఫీ చూసి మాత్రం గీయొద్దు. దగ్గర నుంచి తీయడం వల్ల అందులో అందరి ముక్కూ పెద్దదే. అయిదారు అడుగుల దూరం నుంచి తీసిన ఫొటో కావాలి.

మీ ఆదివారం పిల్లల పేజీలో ఈ పాఠాలకి అరకాలమ్ ఇవ్వండి.

– ఒక చిత్రకళాభిమాని, విజయనగరం