రక్తదానం ఏడాది పొడవునా సాగాలి

సంపాదకులకు నమస్కారం.

మా చిన్న స్వచ్ఛంద సంఘంలో రక్తదాతలకు ఫోన్లు చేసే పని నాది. నా నోటుబుక్కులో ప్రతి పేరు పక్కన బ్లడ్ గ్రూపు, చివరిసారి రక్తమిచ్చిన తేదీ, ఏ వేళలో ఫోన్ ఎత్తుతారో రాసి ఉంటుంది. రాత్రి డ్యూటీ చేసి పడుకున్నవారిని పొద్దున్నే లేపకూడదు కదా!

ఏదో ఒక ప్రత్యేక రోజు చూసి పెద్ద శిబిరం పెట్టడం మంచి పనే. కానీ రక్తం నెలల తరబడి నిల్వ ఉండదు. ఎర్రకణాలను 2 నుంచి 6 డిగ్రీల సెల్సియస్ చల్లదనంలో పెట్టినా సాధారణంగా గరిష్ఠంగా 42 రోజులే. ప్లేట్‌లెట్లయితే మామూలుగా 5 రోజులు, అదీ యంత్రంపై నిరంతరం కదుపుతూ ఉంచితేనే. తీవ్రమైన తలసేమియా (ఒంట్లో రక్తం సరిగా తయారుకాని పుట్టుకతో వచ్చే జబ్బు) ఉన్న పిల్లలకు మాత్రం కొన్ని వారాలకోసారి రక్తం ఎక్కించక తప్పదు. జూన్ 14న, ప్రపంచ రక్తదాతల దినోత్సవం నాడు ఇచ్చిన రక్తం ఆగస్టులో వాళ్లకు అక్కరకు రాదు.

అందుకే మేం దాతలను విడతలుగా పిలుస్తాం. రక్తమిచ్చిన మర్నాడు ఫోన్ చేసి ఒంట్లో ఎలా ఉందని అడుగుతాం. అలా పలకరిస్తేనే మళ్లీ వస్తారని నా అనుభవం. హిమోగ్లోబిన్ తక్కువుందని వెనక్కి పంపిన ఆడపిల్లలను అంతటితో వదిలేయడం నాకు మనసొప్పదు. డాక్టరుకు చూపించుకునేదాకా వెంటపడతాం.

శిబిరాలు పెట్టే పెద్దలకు నా విన్నపం ఒకటే. ఆ రోజుకు అవసరమైనంత రక్తమే తీసుకుని, మిగతావారి పేర్లు వాళ్ల అనుమతితో స్థానిక సంఘాలకు అప్పగించండి. ఫోన్లు చేసే పని మేం చూసుకుంటాం.

– ఒక రక్తదాతల సంఘం కార్యకర్త