పైకప్పు మారుతోంది, ప్రొడక్షన్ ఆగదు, డెలివరీలు మాత్రం కాస్త ఆలస్యం

మా దగ్గర అట్టపెట్టెలు కొనే అందరికీ నమస్కారం. జీడిమెట్లలోని మా షెడ్డుకున్న పాత సిమెంటు రేకులు తీయించి, కలర్ కోటెడ్ ఇనుప రేకులు వేయిస్తున్నాం. వానలు మొదలయ్యేలోపు పూర్తి కావాలి. అప్పటిదాకా ప్రొడక్షన్ నడుస్తూనే ఉంటుంది గానీ, మీ సరుకు మామూలు కంటే రెండు మూడు రోజులు ఆలస్యంగా చేరుతుంది. అర్జెంటు ఆర్డర్లు ఈ నెల తీసుకోలేను.

రేకులు విప్పడానికి ఇంత టైమా అని కొందరు అడుగుతున్నారు. వారంలో ముగిస్తానన్న కాంట్రాక్టరు ఒకాయన వచ్చాడు. మనుషుల్ని పైకెక్కించి, రేకులు సుత్తితో పగలగొట్టి కింద పడేయిస్తాడట. వద్దన్నాను. అవి ఆస్‌బెస్టాస్ రేకులు. కదపకుండా ఉన్నంత కాలం పెద్ద భయం లేదు. పగిలినా, కోసినా కంటికి కనపడని పీచు గాల్లో కలుస్తుంది. అది ఊపిరితిత్తుల్లో చేరితే ఎన్నో ఏళ్ల తర్వాత కూడా క్యాన్సర్ రావచ్చు. పైగా పాతబడ్డ రేకు మనిషి బరువుకి అప్పడంలా విరుగుతుంది. వెలుతురు కోసం మధ్యలో వేసిన ఫైబర్ షీట్లు ఇంకా మోసం. దుమ్ము పట్టాక ఏది రేకో ఏది షీటో తెలియదు.

మాకు వచ్చిన అసలు చిక్కు నీళ్లతో. పీచు లేవకుండా రేకును తడిపి దించాలి, కిందేమో అంతా కాగితం! అందుకని పొలాల్లో మందు కొట్టే స్ప్రేయర్‌తో, కాస్త సబ్బు కలిపిన నీళ్లు మంచులా చల్లిస్తున్నాం. తుప్పు పట్టిన హుక్కులకి గ్యాస్ కట్టర్, గ్రైండర్ వాడనివ్వడం లేదు. కాగితపు పొడి మీద ఒక్క నిప్పురవ్వ పడితే చాలు. బోల్ట్ కట్టర్‌తో పర్లిన్ (రేకుల్ని మోసే అడ్డదూలం) కింద నుంచే తెంపుతున్నారు. మనిషిని పైకెత్తే లిఫ్ట్ మిషన్ పట్టే చోట రేకుల మీదికి ఎక్కే పనే లేదు. మిషన్లు అడ్డొచ్చే చోట మాత్రం నడక పలకలు, బెల్టు, కింద నెట్టు ఉంటాయి. దించిన రేకుల్ని మందపాటి ప్లాస్టిక్‌లో చుట్టి దుండిగల్‌లోని ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి పంపిస్తున్నాం. ఎవరింటికో పశువుల కొట్టం కప్పడానికి ఇవ్వమని అడిగినా ఇవ్వలేదు.

ఒకసారికి ఒక్క బే (రెండు స్తంభాల వరసల మధ్య భాగం) మాత్రమే విప్పుతాం, సాయంత్రానికి కప్పేయగలిగినంతే. దాని కింద, అటూ ఇటూ ఉన్న బేల కింద మిషన్ ఆపి, మూసి, మనుషుల్ని తప్పిస్తాం. ఆలస్యం అక్కడే. గాలి లేస్తే ఆ పూట పైన పని బంద్. మందుల కంపెనీల వారికి ప్రత్యేకంగా చెప్తున్నా: తయారైన పెట్టెలు షెడ్డులో ఉంచడం లేదు, అద్దె గోడౌన్ నుంచి పంపుతున్నాం.

రేట్లు పెంచడం లేదు. ఆర్డర్ వారం ముందే చెప్పండి. లోడింగ్‌కి వచ్చే డ్రైవర్లు వెనక గేటుకే రావాలి. ముందు వైపు తాడు కట్టిన చోటికి ఎవరినీ రానివ్వం, ఓనర్లయినా సరే.